సముద్రస్నానము - జలపరీక్ష

కార్తీక పూర్ణిమనాడు మంగినపూడి, హంసలదీవి, సూర్యలంక తీరములకు మన డెల్టా జనము వేలకొలది తరలిపోవుచుందురు. మంగినపూడిలో నల్లమట్టి కలసిన నీటిని జూచి కొందరు ముఖము చిట్లింతురు. ఆ మట్టివలన కీడు లేదు. వెఱవవలసినది కంటికి గానరాని క్రిములకు. బెజవాడ మురుగు కాలువలలో గలియుచున్నది. పల్లెల మురుగు డ్రెయిన్లవెంట సముద్రమునకే దిగుచున్నది. పైగా కార్తీకము మనకు తుపానుల కాలము. వర్షము కడిగిన కల్మషమంతయు సరిగా జనము మునుగు దినములకే తీరము జేరును. పంపువారమును మనమే, మునుగువారమును మనమే!

స్నానయోగ్యమగు సముద్రజలమునకు కేంద్రప్రభుత్వపు ప్రమాణము లేకపోలేదు. నూరు మిల్లీలీటర్లలో మలసంబంధమైన కోలిఫారం క్రిములు 100కు మించరాదు. విశాఖయొద్ద ఋషికొండ తీరమునకు 2020లో నీలిజెండా గుర్తింపు లభించినది. క్రమముగా జలపరీక్ష జరుపుటయు, ఫలితమును తీరముననే ప్రకటించుటయు ఆ గుర్తింపునకు నియమములు. ఋషికొండకు తగినది మంగినపూడికి తగదా? పర్వమునకు ముందు వారములందైనను పరీక్ష జరిపించి, ఫలితమును తెలుగున పలకపై వ్రాయింపవలయును.

అయితే క్రిములను పెంచి లెక్కించుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. పలకపై నుండునది నిన్నటి నీటి సంగతియే. కావున కుంభవృష్టి కురిసిన పిమ్మట రెండు మూడు దినములు నీట దిగకుండుట మేలు. పర్వదినమే తటస్థించినచో పసిబిడ్డలను, గాయములు గలవారిని ముంపక, ఇంటినుండి తెచ్చిన నీటితో ప్రోక్షించిన జాలును. నీరు నిర్మలమైనను హంసలదీవికడ నది సాగరమున గలయుచోట ప్రవాహము నమ్మదగినది గాదు. ఈతగాండ్ర కాపలా లేనిచోట ఎవ్వరును దిగరాదు.