నేల కదలికల లెక్క పల్లెలకూ చేరాలి

వరంగల్ : 2024 డిసెంబర్ 4న ఉదయం 7.27 గంటలకు ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3గా నమోదయింది. వరంగల్, హనుమకొండ, ఖమ్మంలోనే గాక హైదరాబాద్‌లోనూ జనం ఇండ్లలోంచి బయటకు పరుగెత్తారు. ప్రాణనష్టం లేకపోవడం అదృష్టం. నాలుగు రోజులు ఎక్కడ చూసినా అదే మాట. ఆ తరువాత ఎవరి పనుల్లో వారు పడిపోయారు.

గోదావరి లోయకు భూకంపం కొత్త కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో వచ్చింది. రెండింటికీ నడుమ 55 ఏండ్లు. అన్నేండ్లూ నేల ఊరకే ఉన్నదనుకోరాదు. వెదురు బద్దను మెల్లగా వంచుతూ పోతే చాలాసేపు వంగి, చివరకు ఫెళ్ళున విరుగుతుంది. భూమి లోపలి రాళ్ళదీ అదే తీరు.

ఈ వంపును కొలిచే సాధనం ఇప్పుడు ఆకాశంలో ఉంది. ఇస్రో, అమెరికాకు చెందిన నాసా కలిసి నిర్మించిన 'నైసార్' ఉపగ్రహాన్ని 2025 జూలై 30న శ్రీహరికోట నుండి ప్రయోగించారు. అది 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ 12 రోజులకోసారి అదే చోటును రాడార్‌తో కొలుస్తుంది. గట్టు జరిగిందేమోనని రైతు సర్వేయరును పిలిచి మళ్ళీ గొలుసు వేయించినట్లే, కొత్త కొలతను పాతదానితో పోల్చి చూస్తారు. సెంటీమీటరు తేడా అయినా తెలిసిపోతుంది. మబ్బులు, చీకటి దానికి అడ్డు కావు. అందులోని పొడవాటి తరంగాలు ఆకులను దాటి పోగలవు గనుక తాడ్వాయి, ఏటూరునాగారం అడవులకూ అది పనికివస్తుంది.

అయితే భూకంపం ఏ రోజున వచ్చేదీ ఉపగ్రహం చెప్పలేదు. హిమాలయాల వద్ద నేల ఏటా సుమారు 2 సెంటీమీటర్లు నొక్కుకుపోతున్నది. మన వద్ద కదలిక అంతకంటె ఎంతో స్వల్పం. ఏండ్ల తరబడి కొలిస్తే గాని తేలదు. పైగా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. భూపాలపల్లి వైపు బొగ్గు తవ్విన చోట పైనేల దిగవచ్చు. వీటిని వేరుచేయాలంటే నేలమీద కూడా స్థిరమైన జీపీఎస్ కేంద్రాలు ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇందుకు పూనుకోవాలి.

ఎప్పుడో వచ్చే భూకంపానికి ఇంత ఖర్చు దేనికని కొందరు అనవచ్చు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారిలో దాదాపు 10 వేలమంది చనిపోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదమున్న మండలంలో ఉంది. అక్కడ ప్రాణాలు తీసినవి ముఖ్యంగా మట్టితో పేర్చిన రాతిగోడలు. అటువంటి గోడలు మన పల్లెల్లోనూ ఉన్నాయి.

నైసార్ కొలతలు అందరికీ ఉచితమే. కాని ఆ పటాలు పల్లె రైతుకు అర్థమయ్యేవి కావు. గోదావరి లోయలో ఏ ఊరి నేల ఎంత కదిలిందో ఏటా తెలుగులో పంచాయతీలకు తెలియజేయాలి. బొగ్గు గనుల పక్క ఊళ్ళకు దీనివల్ల ముందుగా మేలు కలుగుతుంది. ఈలోగా పాత బడులు, అంగన్‌వాడీల గోడలను ఇంజనీర్లు పరీక్షించి, బలహీనమైనవాటిని బాగుచేయించాలి. ఉపగ్రహం నేలను కొలుస్తుంది గాని గోడను నిలబెట్టదు. ఆ పని అధికారులదే.