పిల్లలు లేరా, లేకుండా చేశారా?

“పిల్లలే లేరండీ, ఇంక తెలుగు బడి ఎందుకు?” హోసూరు, దెంకణికోట, వేపనపల్లి ప్రాంతాల్లో ఈ మాట వినని తెలుగువాడు ఉండడు. విద్యాశాఖ ఉద్యోగి అంటాడు, ఊరి పెద్ద అంటాడు, ఉగాది నాడు వేదికెక్కి శాలువా కప్పించుకున్న మనవాడూ అంటాడు. ఇంతమంది అంటున్నారు గనక నిజమే అయి ఉంటుందని మనమూ ఓ నిట్టూర్పు విడిచి ఊరుకుంటున్నాం. నేను పండితుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పద్దులు చూస్తున్నవాణ్ణి. పద్దులు చూసేవాడికి ఒక అలవాటు అబ్బుతుంది. అడుగున వేసిన మొత్తం చూసి తృప్తిపడడు, అది ఎలా వచ్చిందో పై వరసల్లో వెతుకుతాడు. ‘పిల్లలు లేరు’ అన్న ఈ మొత్తాన్ని కూడా అలాగే వెతికి చూడాలంటాను.

మా వృత్తిలో అందరూ ఎరిగిన కథ ఒకటుంది. చిన్న మిల్లు నడుపుకునేవాడికి సరిగ్గా సరుకు కొనే వేళకు వర్కింగ్ క్యాపిటల్‌లో కోత పెడతారు. సరుకు లేక ఉత్పత్తి పడిపోతుంది. పడిపోయిందన్న సాకుతో ఉన్న లిమిట్ కూడా తగ్గిస్తారు. ఆఖరికి ఫైలు మీద ‘సిక్ యూనిట్’ అని రాసి చేతులు కడుక్కుంటారు. జబ్బుపడ్డవాడి పేరు ఆ ఫైల్లో ఉంటుంది. అన్నం మానిపించినవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

తెలుగు బడి కథా ఇంతే. ఒక అయివారు రిటైరవుతారు. ఆ ఖాళీ నిండదు. పక్క ఊరి అయివారిని వారానికి రెండు రోజులు డిప్యుటేషన్ మీద పంపుతారు. ఆయన వచ్చిన రోజున ఒకటి నుంచి ఐదు దాకా అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి పలకల మీద ఏదో రాయిస్తాడు. రాని రోజున తమిళ తరగతి పిల్లల వెనక వీళ్ళను కూర్చోబెడతారు. ఒక ఏడు చూసి, రెండేళ్ళు చూసి, తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పిస్తారు. అప్పుడు అధికారి వచ్చి హాజరు పట్టీ తిరగేసి, “చూశారా, పిల్లలు లేరు” అంటాడు. ఉన్న ఒక్క పోస్టూ మిగులు పోస్టు కిందికి పోతుంది. కారణాన్ని తీసుకెళ్ళి ఫలితం గడిలోనూ, ఫలితాన్ని తెచ్చి కారణం గడిలోనూ రాస్తే మా ఆడిటర్లు ఒప్పుకోరు. విద్యాశాఖలో మాత్రం అది చెల్లుబాటవుతూ వస్తోంది.

సరిహద్దు తాలూకాలో నేను పనిచేసిన రోజుల్లో జూన్ నెల వస్తే కౌంటరు దగ్గర గొలుసులూ కమ్మలూ తాకట్టుకు వరస కట్టేవి. ఎరువుల కోసం కొన్ని, స్కూలు ఫీజుల కోసం కొన్ని. రోజాతోట వేసుకున్న ఒక రైతును అడిగాను, “ఏమన్నా, మీ ఊళ్ళోనే సర్కారు బడి ఉంది కదా, తెలుగులోనే చెప్తారు కదా?” అని. “అయివారే లేని ఇస్కూలుకు పిల్లోణ్ని ఎట్ల పంపేది సార్?” అన్నాడు. భాష మీద మమకారం లేదని ఈ మనిషిని నిందించే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. పెళ్ళాం మెడలో గొలుసు కుదువపెట్టి ఫీజు కట్టేవాడికి చదువు మీద శ్రద్ధ లేదనగలరా? వాడు పారిపోయింది తెలుగు నుంచి కాదు, ఖాళీ కుర్చీ నుంచి.

ఇక డబ్బు సంగతి. సమగ్ర శిక్షా పథకం కింద బడికి ఏటా ఇచ్చే నిర్వహణ గ్రాంటు పిల్లల తలలు లెక్కపెట్టి ఇస్తారు. 30 మంది దాకా ఉంటే 10,000 రూపాయలు. 31 నుంచి 100 దాకా 25,000. ఒక తెలుగు బడిలో 31 మంది పిల్లలున్నారనుకుందాం. ఒక కుటుంబం పనికోసం బెంగళూరు వెళ్ళిపోయి ఒక్క పిల్లవాడు తగ్గాడు. గ్రాంటులో 15,000 రూపాయలు పోయాయి. ఆ ఒక్కడి వెంట గది పైకప్పు వెళ్ళిపోయిందా? కరెంటు బిల్లు తగ్గిందా? నీళ్ళ తొట్టి చిన్నదయిందా? మిగిలిన 30 మందికి తలకు ఏడాదికి 333 రూపాయలు వస్తుంది. సుద్దముక్క, చీపురు, తాళం, కిటికీ రెక్క, అన్నీ అందులోనే. అందులో పదో వంతు పారిశుధ్యానికి ఖర్చు పెట్టాలని మళ్ళీ ఒక నిబంధన.

కామర్సు మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా స్థిర వ్యయం, చర వ్యయం తేడా తెలుసు. భోజనం, పుస్తకం, బట్టలు తలకింత చొప్పున పెరిగేవి. అయివారు, గది, నల్లబల్ల పిల్లలు ఐదుగురైనా ముప్పై ఐదుగురైనా ఒకటే. స్థిర వ్యయానికి తలసరి లెక్కన డబ్బిచ్చే పద్ధతిలో చిన్నది చచ్చి తీరుతుంది. ఎవరూ చంపనక్కరలేదు. మైనారిటీ భాషా మాధ్యమం ఎప్పుడూ చిన్నదే గదా!

పోస్టుల సంగతీ అంతే. 2009 నాటి విద్యాహక్కు చట్టం పట్టికలో ప్రాథమిక తరగతుల్లో 60 మంది దాకా ఇద్దరు ఉపాధ్యాయులు. ఆ పట్టికలో మాధ్యమం అన్న గడే లేదు. ఒకే ఆవరణలో తమిళ తరగతులూ తెలుగు తరగతులూ ఉంటే, 60 తలలు కలిపి లెక్కపెట్టి ఇద్దర్నిస్తే, ఐదు తరగతుల తెలుగుకు ఎవరు, ఐదు తరగతుల తమిళానికి ఎవరు? అదే చట్టం 29వ సెక్షన్‌లో బోధన మాతృభాషలో ఉండాలంటుంది, ‘వీలైనంతవరకు’ అని ముందు తగిలించి. ఆ ఒక్క మాటలో ఎన్ని బడులు పడతాయో లెక్కలేదు.

తమిళనాడు ప్రభుత్వాన్ని ఊరికే తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. 1982లో విస్తరించిన మధ్యాహ్న భోజనం గానీ, 2022 సెప్టెంబరులో మొదలై మరుసటి ఏడాది సర్కారు ప్రాథమిక బడులన్నిటికీ విస్తరించిన ఉదయపు ఫలహారం గానీ, భాష అడిగి పెట్టలేదు. మన పిల్లల కంచంలోనూ అదే పొంగలి. కడుపు దగ్గర లేని వివక్ష అయివారి నియామకం దగ్గర ఎందుకు మొదలవుతుందన్నదే నా ప్రశ్న. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేసింది, మన భాష ఐచ్ఛికమైంది. తమిళం నేర్వడం మీద నాకు అభ్యంతరం లేదు. తరతరాలుగా ఈ నేల ఉప్పు తింటున్నవాళ్ళం, మన పిల్లలకు తమిళం రావాలి, బాగా రావాలి. కానీ తమిళ అయివారిని ముందు వేసి, అది నేర్పి, ఆ తర్వాత పరీక్ష పెట్టాలి. అలా జరగలేదు గనకనే పదో తరగతి పిల్లలు మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది కూడా ఒక్క ఏడాది పొడిగింపే. ఏటా గడువు అడుక్కోవలసిన బడిలో ఏ తండ్రి పిల్లవాణ్ణి ధైర్యంగా చేరుస్తాడు?

ఢిల్లీ వారి నిర్వాకం మరొకటి. పీఎంశ్రీ ఒప్పందం మీద సంతకం చేయలేదని 2024-25లో తమిళనాడుకు రావలసిన సమగ్ర శిక్షా నిధులు 2,152 కోట్లు ఆపారు. 2025లో రాష్ట్రం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఒకరు తమిళాన్ని రక్షిస్తామన్నారు, ఇంకొకరు భారతీయ భాషలన్నిటినీ ఉద్ధరిస్తామన్నారు. ఏనుగులు కొట్టుకుంటే నలిగింది గడ్డి. పెద్ద బడి ఒక ఏడాది గ్రాంటు లేకపోయినా ఎలాగో నెట్టుకొస్తుంది. 10,000 రూపాయల బడి దేన్ని పట్టుకుని నెట్టుకురావాలి?

‘ఇంగ్లీషు మోజు, ఎవరేం చేస్తారు?’ అనేవారు ఒక్కసారి బొంబాయి వైపు చూడాలి. అక్కడి మహానగరపాలిక ఎనిమిది భాషల్లో బడులు నడుపుతోంది, అందులో తెలుగు ఒకటి. మిల్లుల్లో పనిచేసిన మనవాళ్ళ పిల్లలు చదివిన బడులవి. 1982 సమ్మె తర్వాత మిల్లులూ పోయాయి, పేటలూ చెదిరాయి, తెలుగు గదులూ ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. కార్పొరేషన్ బడి అంటేనే జనం మొహం తిప్పుకుంటారని ఆ రోజుల్లో అనేవారు. 2020 నుంచి అదే పాలిక ‘ముంబయి పబ్లిక్ స్కూల్’ అని కొత్త పేరు పెట్టి, కేంద్ర సిలబస్ తెచ్చి, గదులు బాగుచేసి, అయివార్లను వేసింది. సీట్ల కోసం లాటరీ తీయవలసి వచ్చింది! జనం అదే జనం, యజమాని అదే యజమాని. ఇంగ్లీషు ఆకర్షణ కొంత ఉంది, కాదనను. అయితే ఆ ఇంగ్లీషుకు పెట్టిన సున్నమూ రంగూ, బల్లలూ, నిండిన పోస్టులూ తెలుగు గదికి ఒక్క ఏడాది పెట్టి చూసి, అప్పుడు చెప్పమనండి పిల్లలు రారని. 2025-26లో ఆ పాలిక విద్యాబడ్జెట్టు 3,955 కోట్లు. డబ్బు లేదన్న మాట అక్కడ పనికిరాదు.

మా బ్యాంకులవాళ్ళను అడిగినా ఇదే చెబుతారు. 1977లో రిజర్వు బ్యాంకు ఒక నియమం పెట్టింది. బ్యాంకులున్న చోట ఒక కొత్త శాఖ కావాలంటే, లేని ఊళ్ళలో నాలుగు తెరవాలి. 1990 దాకా అది నడిచింది. ‘అక్కడ ఖాతాదారులున్నారా?’ అని ముందు అడిగి ఉంటే ఒక్కటీ తెరిచేవారు కాదు. తెరిచారు, తర్వాత ఖాతాదారులు వచ్చారు. బడికి మాత్రం ముందు పిల్లల్ని చూపించాలట, తర్వాత తలుపు తీస్తారట.

విచిత్రమేమిటంటే ముందుగా లెక్కపెట్టే పద్ధతి మనకు ఎప్పుడో రాసిచ్చారు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న సూత్రం ఇది: బడి మొత్తం మీద 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే ప్రాథమిక దశలో మాతృభాషా బోధన ఏర్పాటు చేయాలి. 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. తర్వాత ఒప్పుకున్న రక్షణల్లో ముందస్తు నమోదు రిజిస్టరు ఒకటి. బడి తెరవకముందే మైనారిటీ భాషా పిల్లల పేర్లు రాసుకోవాలి. ఒక బడిలో ఆరుగురు, పక్క బడిలో ఏడుగురు ఉంటే సర్దుబాటు చేసి తరగతి నడపాలి. అంటే గిరాకీని ముందు కొలవమన్నారు. ఈ రిజిస్టరు ఎక్కడుందని ఒక ఆఫీసులో అడిగితే గుమాస్తా నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. పోయిన శతాబ్దపు నాణెం మార్చమన్నట్టు చూశాడు. భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ అని ఢిల్లీలో ఒకాయన ఉంటాడు, రాష్ట్రపతికి నివేదిక ఇస్తాడు, అది పార్లమెంటు ముందుకు పోతుంది. అయివారిని నియమించే అధికారం మాత్రం ఆయనకు లేదు.

గుమాస్తాకు తెలియదు సరే. మన సంఘాలకు తెలుసా? ఉగాదికి పందిరి, కవిసమ్మేళనం, పులిహోర, వచ్చిన ప్రతి అతిథికీ ఓ జ్ఞాపిక. ఆ ఖర్చులో సగం పెట్టినా తాలూకాలో ప్రతి ఊరికీ ఇద్దరు కుర్రాళ్ళను పంపి, ఐదేళ్ళు నిండిన తెలుగు పిల్లలెందరో రాయించవచ్చు. ఆ జాబితా మన చేతిలో లేదు గనకనే ‘పిల్లలు లేరు’ అన్నప్పుడు మనం నోరు మూసుకుంటున్నాం. వాళ్ళ దగ్గర ఒక అంకె ఉంది, తప్పుదే కావచ్చు. మన దగ్గర పద్యాలున్నాయి.

బడి జూన్‌లో తెరుస్తారు. కనక మార్చి నెలలోనే అర్జీ పడాలి. ఫారం లేదంటారు, తెల్లకాగితం చాలు. పిల్ల పేరు, పుట్టిన తేదీ, తండ్రి సంతకం, కావలసిన మాధ్యమం. ఒక్కొక్కరు విడిగా కాదు, పదిమంది కలిసి ఒకే రోజున వెళ్ళాలి. రెండు ప్రతులు రాసి, రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయనంటే రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ రసీదు ముందు ‘పిల్లలు లేరు’ అన్న మాట ఎలా అంటారో చూద్దాం.