పద్దు పెరిగింది, పని లెక్క ఏది?

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి బహిరంగ లేఖ

ప్రభుత్వం పెట్టే ఖర్చు రెండు రకాలు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు రెవెన్యూ వ్యయం కిందికి వస్తాయి. ఏడాది తిరిగేసరికి ఆ డబ్బు అయిపోతుంది. రోడ్డు, రైలు మార్గం, రేవు, యుద్ధనౌక వంటి ఆస్తుల మీద పెట్టేదీ, రాష్ట్రాలకు అప్పుగా ఇచ్చేదీ మూలధన వ్యయం. కొన్నేళ్లుగా బడ్జెట్ చర్చకు ఆర్థిక మంత్రి పార్లమెంటులో ఇస్తున్న సమాధానాలు ఎక్కువగా ఈ రెండో పద్దు చుట్టూనే తిరుగుతున్నాయి. 2019-20లో కేంద్రం మూలధన వ్యయం సుమారు 3.36 లక్షల కోట్ల రూపాయలు. 2023-24కు అది 9.49 లక్షల కోట్లయింది. 2025-26 బడ్జెట్‌లో 11.21 లక్షల కోట్లు కేటాయించారు. అందులో దాదాపు సగం రెండు శాఖలదే: రహదారులకు 2.72 లక్షల కోట్లు, రైల్వేలకు 2.52 లక్షల కోట్లు.

ఈ పెంపును సమర్థించే వాదన ఒక ఆర్థిక సూత్రం మీద నిలబడింది. ప్రభుత్వం ఒక రూపాయిని నగదు బదిలీగా పంచితే దేశ ఆదాయం ఇంచుమించు ఆ రూపాయి మేరకే పెరుగుతుంది. అదే రూపాయిని నిర్మాణంలో పెడితే సిమెంటు, ఉక్కు, కూలి, లారీ కిరాయి అంటూ చేతులు మారి అంతకు మించి పెంచుతుంది. సుకన్య బోస్, ఎన్.ఆర్. భానుమూర్తి అనే ఆర్థికవేత్తలు కట్టిన లెక్కలో మూలధన వ్యయం ఇచ్చే ఫలితం రూపాయికి 2.45 రూపాయలు, బదిలీ చెల్లింపులు ఇచ్చేది 98 పైసలు. కరోనా ఏడాది 2020-21లో ద్రవ్య లోటు జీడీపీలో 9.2 శాతానికి చేరింది. ఆదాయం పడిపోయినప్పుడు ప్రభుత్వాలు ముందుగా ఆపేవి పనులే, ఎందుకంటే జీతాలూ వడ్డీలూ ఆపడం కుదరదు. ఆ తరువాతి బడ్జెట్లలో మంత్రి ఇందుకు ఎదురు నడిచారు. లోటును 2025-26 నాటికి 4.5 శాతం లోపుకు దించే లక్ష్యం పెట్టుకుంటూనే నిర్మాణాలకు డబ్బు పెంచారు. అంతకుముందు బడ్జెట్ బయట దాచిన అప్పులను కూడా పుస్తకంలోకి తెచ్చారు. భారత ఆహార సంస్థ చేత చిన్న పొదుపుల నిధి నుంచి అప్పు తీయించే పద్ధతి ఆగింది. జాతీయ రహదారుల సంస్థ 2022-23 నుంచి మార్కెట్ అప్పులు మానేసింది, కావలసిన డబ్బు బడ్జెట్ నుంచే వెళుతోంది. ఈ నిజాయితీకి ప్రతిపక్షం ఇవ్వవలసినన్ని మార్కులు ఇవ్వలేదు.

చిక్కు వచ్చేది ఈ పద్దులో ఏమేం చేరుతున్నాయో చూసినప్పుడు. 2021-22 సవరించిన అంచనాల్లో మూలధన వ్యయం 6.03 లక్షల కోట్లుగా చూపారు. అందులో 51,971 కోట్లు ఎయిరిండియా పాత బాకీలు తీర్చడానికి పోయింది. ఆ డబ్బుతో ఒక్క కొత్త రన్‌వే కూడా రాలేదు. బీఎస్‌ఎన్‌ఎల్‌ను నిలబెట్టడానికి ఇచ్చే పెట్టుబడీ ఇక్కడే కలుస్తుంది. రాష్ట్రాలకు 50 ఏళ్ల గడువుతో ఇచ్చే వడ్డీలేని అప్పు 2020-21లో 12,000 కోట్లతో మొదలై 2025-26లో 1.5 లక్షల కోట్లకు పెరిగింది. ఆ అప్పు కేంద్రం పుస్తకంలో ఒకసారి, దానితో రాష్ట్రం రోడ్డు వేసినప్పుడు రాష్ట్రం పుస్తకంలో ఇంకోసారి మూలధన వ్యయంగా నమోదవుతుంది. రెండూ కూడితే ఒకే రోడ్డు రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఇవేవీ అక్రమం కావు, ఖాతా నిబంధనల ప్రకారం సరైనవే. అయితే సభలో ఒకే అంకెగా చదివినప్పుడు వినేవారు దాన్నంతా కాంక్రీటుగానే ఊహించుకుంటారు.

2025 ఫిబ్రవరి చర్చలో ఈ విషయం మరో రూపంలో వచ్చింది. 2024-25కు 11.11 లక్షల కోట్లు కేటాయించి, సవరించిన అంచనాల్లో 10.18 లక్షల కోట్లకు తగ్గించడమేమిటని సభ్యులు అడిగారు. ఎన్నికల ఏడాది కాబట్టి తొలి నెలల్లో పనులు నెమ్మదించడం సహజమే. మంత్రి మాత్రం మూలధన వ్యయం తగ్గలేదని చెబుతూ ఇంకా పెద్ద అంకెను ముందుకు తెచ్చారు: ఆస్తుల నిర్మాణానికి రాష్ట్రాలకు ఇచ్చే గ్రాంట్లను కూడా కలిపితే 2025-26లో సమర్థ మూలధన వ్యయం 15.48 లక్షల కోట్లు. ఆ ఏడాది తీసే అప్పు 15.69 లక్షల కోట్లు. అంటే అప్పు దాదాపు అంతా ఆస్తులకే పోతోంది. కూడికలో తప్పు లేదు. కానీ ఈ గ్రాంట్లలోనే ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ కూడా ఉంది. 2024-25లో దానికి కేటాయించింది 70,163 కోట్లు, సవరణ తరువాత మిగిలింది 22,694 కోట్లు. మరుసటి ఏడాదికి మళ్లీ 67,000 కోట్లు రాశారు. ఫిబ్రవరిలో చదివిన అంకెకూ మార్చి నెలాఖరుకు ఖర్చయిన అంకెకూ ఇంత దూరం ఉన్నప్పుడు, అప్పు ఆస్తులకే పోతోందన్న మాట రాయబోయే బడ్జెట్‌కు వర్తిస్తుంది గానీ గడిచిన ఏడాదికి వర్తించదు. 2025-26 బడ్జెట్‌లో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు రాశారు. మొత్తం 50.65 లక్షల కోట్ల ఖర్చులో అది నాలుగో వంతు. తీసిన అప్పుకు ఏం వచ్చిందో ఏడాది చివర చూపవలసిన బాధ్యత అందుకే పెరుగుతుంది.

ఈ బాధ్యతను అడిగి రాబట్టవలసింది పార్లమెంటు. రాజ్యాంగం 112వ అధికరణ ప్రకారం వార్షిక ఆర్థిక నివేదిక సభ ముందుకు వస్తుంది. 113వ అధికరణ ప్రకారం లోక్‌సభ శాఖలవారీ పద్దులను ఆమోదిస్తుంది. 114వ అధికరణ కింద ద్రవ్య వినిమయ బిల్లు నెగ్గితేనే సంచిత నిధి నుంచి పైసా కదులుతుంది. రాజ్యసభ చర్చిస్తుంది గాని ఆపలేదు. కాగితం మీద ఇంతకన్నా గట్టి తాళం ఉండదు. ఆచరణలో పది పన్నెండు రోజుల్లో నాలుగైదు శాఖల పద్దులు చర్చకు వస్తాయి, మిగిలినవన్నీ చివరి రోజు సాయంత్రం గిలెటిన్ కింద ఒక్కసారిగా నెగ్గుతాయి. 2018లో, మళ్లీ 2023లో ఆ కొద్ది శాఖల చర్చ కూడా జరగలేదు. మొత్తం పద్దులు గలాటా మధ్యే ఆమోదం పొందాయి. 2018 మార్చిలో సభ మధ్యలోకి వెళ్లి ప్లకార్డులు పట్టుకున్నవారిలో ప్రత్యేక హోదా అడుగుతున్న ఆంధ్ర ఎంపీలు ముందు వరుసలో ఉన్నారు. వాళ్ల కోపానికి కారణం ఉంది. రాష్ట్రానికి రావలసిన డబ్బు గురించి ఆందోళన చేస్తుండగానే ఆ డబ్బు ఉన్న పద్దులు ప్రశ్న లేకుండా దాటిపోవడం మాత్రం విచిత్రం. 1993 నుంచి ఉన్న శాఖల స్థాయీ సంఘాలు పద్దులను లోతుగానే చూస్తాయి, కాని వాటి సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడనక్కర్లేదు.

చర్చ లేని చోట ఏం జరుగుతుందో భారత్‌మాల రహదారుల పథకం చెబుతుంది. 2017 అక్టోబరులో 34,800 కిలోమీటర్ల రహదారులకు 5.35 లక్షల కోట్లతో కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపింది. 2022 నాటికి పూర్తి చేయాలన్నది లక్ష్యం. ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ 2023 ఆగస్టులో పార్లమెంటుకు ఇచ్చిన నివేదిక ప్రకారం 26,316 కిలోమీటర్లకే మంజూరైన ఖర్చు 8.46 లక్షల కోట్లకు చేరింది, 2023 మార్చి నాటికి పూర్తయింది 13,499 కిలోమీటర్లు. ఆరు, ఎనిమిది వరసల రోడ్లు, ఎత్తయిన వంతెనలు, పెరిగిన భూసేకరణ పరిహారం కారణమని రహదారుల శాఖ చెప్పింది. అందులో కొంత ఒప్పుకోదగినదే. 2013 భూసేకరణ చట్టం వచ్చాక రైతుకు న్యాయమైన ధర దక్కుతోంది, రోడ్డు ఖరీదూ పెరిగింది. అయితే మారిన ఆ ఖరీదు మళ్లీ సభ ముందుకు వచ్చి ఆమోదం తీసుకుందా అంటే లేదు. ఏటా రహదారుల పద్దు పెరిగిందన్న కబురే వచ్చింది.

గోదావరి మీద కడుతున్న పోలవరం ప్రాజెక్టు కథ ఇంకా పొడుగు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 90వ సెక్షన్ దాన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికై రెండేళ్లు ప్రాతినిధ్యం వహించిన మంత్రికి దీని వివరాలు కొత్త కావు. 2005-06 ధరల్లో 10,151 కోట్లుగా వేసిన అంచనా 2010-11 ధరలకు 16,010 కోట్లయింది, 2017-18 ధరలకు 55,548 కోట్లు దాటింది. ఈ చివరి అంచనాలో సగానికి పైగా భూసేకరణకూ, లక్షకు మించిన నిర్వాసిత కుటుంబాల పునరావాసానికీ కావలసిందే. 2016లో కేంద్రం సాగునీటి భాగం ఖర్చు పూర్తిగా భరిస్తానంది, కట్టే పని రాష్ట్రానికి అప్పగించింది. ఆ తరువాత చాలాకాలం రాష్ట్రం ముందు ఖర్చు పెట్టడం, బిల్లులు ఢిల్లీకి పంపడం, కొర్రీలకు జవాబు రాయడం, డబ్బు ఎప్పుడొస్తుందా అని చూడడం. డ్యాం కింద ఊటను ఆపే డయాఫ్రమ్ వాల్ 2018లో పూర్తయి, తరువాతి వరదలకు దెబ్బతింది. తప్పు ఏ ప్రభుత్వ కాలంలోదన్న తగువు ఎన్నికల సభలకు బాగా పనికొచ్చింది. కొత్త గోడ పని 2025 జనవరికి గాని మొదలుకాలేదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 41.15 మీటర్ల నీటిమట్టం వరకు 30,436.95 కోట్ల అంచనాను ఆమోదించింది. పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ పైన మునిగే ఊళ్ల వాళ్లకు ప్యాకేజీ ఎప్పుడు, ఏ పద్దు నుంచి అన్నది ఆ ఆమోదంలో లేదు. ముంపు మండలాల్లో కొత్త ఇల్లు కట్టుకోవాలా, ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలా తేలక కుటుంబాలు ఏళ్ల తరబడి ఆగిపోయి ఉన్నాయి. సభలో దీని గురించి అడిగితే విడుదలైన నిధుల మొత్తం జవాబుగా వస్తుంది.

రైళ్ల సంగతి ఒక మాటలో చెప్పవచ్చు. కోటిపల్లి-నరసాపురం మార్గం 2000-01 బడ్జెట్‌లో మంజూరైంది, పొడవు 57 కిలోమీటర్లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు ఊడదీసుకుపోయిన కాకినాడ-కోటిపల్లి లైను 2004లో తిరిగి వచ్చినా, అక్కడి నుంచి గోదావరి పాయలు దాటి కోనసీమలోకి రైలు వెళ్లే పని పాతికేళ్లయినా ముగియలేదు. రాష్ట్రం తన 25 శాతం వాటా సకాలంలో ఇవ్వకపోవడం కూడా ఇందుకు ఒక కారణం. ఎప్పటికి పూర్తవుతుందని ఎంపీలు అడిగినప్పుడల్లా రైల్వే శాఖ జవాబు ఇంచుమించు ఒకటే: భూసేకరణ, అటవీ అనుమతులు, వాతావరణం వంటి వాటిపై ఆధారపడి ఉంటుంది కనుక గడువు చెప్పలేం.

ఇన్ని ప్రాజెక్టుల లెక్క ప్రభుత్వం దగ్గర లేదనడానికి వీల్లేదు. 150 కోట్లు, అంతకు మించిన కేంద్ర ప్రాజెక్టులను గణాంక, పథకాల అమలు శాఖ గమనిస్తూనే ఉంది. 2024 మార్చి నాటి దాని నివేదికలో 1,873 ప్రాజెక్టులున్నాయి. వాటిలో 779 గడువు దాటాయి, 449 అంచనా వ్యయం దాటాయి. పెరిగిన ఖర్చు 5.01 లక్షల కోట్లు. ఇది అనేక ఏళ్లుగా పేరుకున్నది, ప్రభుత్వ రంగ సంస్థల పనులూ ఇందులో ఉన్నాయి. అయినా 2020-21లో కేంద్రం పెట్టిన మొత్తం మూలధన వ్యయం 4.26 లక్షల కోట్లేనని గుర్తు చేసుకుంటే, ఆలస్యం ఖరీదు ఎంతో తెలుస్తుంది. రూపాయికి 2.45 రూపాయలన్న లెక్క కూడా పని ముందుకు సాగినప్పుడే నిజమవుతుంది; కోర్టు స్టేతో సగంలో ఆగిన వంతెన మీద పెట్టిన రూపాయి వడ్డీని మాత్రమే పెంచుతుంది.

బడ్జెట్‌తో పాటు ఫలితాల పత్రం ఇచ్చే పద్ధతి 2005 నుంచి ఉంది. అది పథకాలవారీగా లక్ష్యాలు చెబుతుంది, ప్రాజెక్టులవారీగా చెప్పదు. ఖర్చు అయిపోయాక కాగ్ పరిశీలిస్తుంది, ఆ నివేదికను ప్రతిపక్ష సభ్యుడి అధ్యక్షతన ప్రజా పద్దుల సంఘం చూస్తుంది. అప్పటికి కాంట్రాక్టరు వెళ్లిపోతాడు, ఇంజనీరు పదవీ విరమణ చేస్తాడు, కొన్నిసార్లు ప్రభుత్వమే మారుతుంది.

అందుకే ఆర్థిక మంత్రికి ఈ వినతి. వచ్చే బడ్జెట్ చర్చకు సమాధానం ఇచ్చే రోజున కేటాయింపుల అంకెతో పాటు మరో పట్టికను సభ ముందుంచాలి. 1,000 కోట్లు దాటిన ప్రతి కేంద్ర ప్రాజెక్టుకు, కేంద్రం నిధులతో రాష్ట్రాలు కట్టే పోలవరం వంటి వాటికి కూడా, అందులో ఒక్కో వరస చాలు: మంజూరైన ఏడాది, మొదటి అంచనా, నేటి అంచనా, అయిన ఖర్చు, మొదటి గడువు, ఇప్పటి గడువు, ఆగి ఉంటే కారణం, బాధ్యత వహించే శాఖ. బాకీలు తీర్చిన డబ్బునూ, రాష్ట్రాలకు ఇచ్చిన అప్పునూ వేరు చేసి చూపాలి. అంచనా నాలుగో వంతుకు మించి పెరిగిన ప్రాజెక్టును సంబంధిత స్థాయీ సంఘానికి తిరిగి పంపాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, వివరాలు చాలావరకు ఇప్పటికే శాఖల దగ్గర ఉన్నాయి. ఆ పట్టికలో కోటిపల్లి-నరసాపురం వరసలో ఒక తేదీ, 45.72 మీటర్ల పునరావాసం వరసలో ఒక తేదీ, ఒక మొత్తం ఉండాలని తెలుగు పాఠకులు అడుగుతున్నారు.