నటరాజ విగ్రహం కాదు, అయస్కాంతం కింద ఉన్న జాకీ చూడండి

కొంచెం పొడుగు రాత, ఓపిగ్గా చదవండి.

మన గ్రూపులో ఒక ఫోటో మళ్ళీ మళ్ళీ వస్తా ఉంది. జెనీవా పక్కన సెర్న్ పరిశోధనాలయంలో నిలబడిన నటరాజు. కింద ‘మన పెద్దోళ్ళకు ఇదంతా ముందే తెలుసు’ అని ఒక మాట. దానికి వరసగా దండాలు. ఇంకో వారం ‘ఆ మిషను భూమిని మింగేస్తుంది’ అని ఇంకొకటి. దానికీ దండాలే. ఈ రెండింటినీ మేము ఒప్పుకోము. ఎందుకో చెప్తాం.

ఆ విగ్రహాన్ని 2004 జూన్ 18న ఆవిష్కరించారు. అది మన భారత ప్రభుత్వం ఇచ్చిన కానుక. మనం ఇచ్చిన వస్తువును మనమే సాక్ష్యంగా చూపిస్తే ఎట్లా? పెళ్ళిలో మనం చదివించిన చెంబును చూపించి ఆ ఇల్లే మాది అన్నట్టుంటుంది. భూమిని మింగే మాటకు వస్తే, ఆ మిషను కంటే ఎక్కువ శక్తి ఉన్న కణాలు ఆకాశం నుంచి కోట్ల ఏండ్లుగా మన గాలిమీద పడతానే ఉన్నాయి. భూమి ఉంది, మనమూ ఉన్నాం.

ఇంక ఆ మిషను సంగతి. మేము తమిళ మీడియంలో చదివినోళ్ళం; దీన్ని తమిళంలో ‘తుగళ్ ముడుక్కి’ అంటారు. తెలుగులో కణ త్వరణి అనవచ్చు. భూమి లోపల సుమారు 100 మీటర్ల లోతున 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం. అందులో ప్రోటాన్లు ఎదురెదురుగా పరుగెత్తి గుద్దుకుంటాయి. 2012లో హిగ్స్ కణం దొరికింది అక్కడే.

కష్టం ఎక్కడంటే మలుపులో. రైలు వేగం పెరిగేకొద్దీ మలుపు ఎంత ఇబ్బందో లైను మీద పనిచేసినోళ్ళకు తెలుసు. ఇక్కడ పట్టా లేదు, అయస్కాంతమే పట్టా. ముందు అదే సొరంగంలో ఎలక్ట్రాన్లను తిప్పారు. తేలిక కణం మలుపు తిరిగితే శక్తిని వెలుగుగా పారబోసుకుంటుంది. వేగం పెంచడానికి పోసిన శక్తంతా ఆ నష్టం పూడ్చడానికే పోతా వచ్చింది. ప్రోటాన్ దానికంటే 1836 రెట్లు బరువు, కాబట్టి ఆ నష్టం చాలా తక్కువ. కానీ అంత శక్తితో పోయే కణాన్ని వంచడానికి 1232 పెద్ద అయస్కాంతాలు కావాల్సి వచ్చింది. వాటిని సున్నాకు కింద 271 డిగ్రీల చలిలో ఉంచాలి.

సూక్ష్మం ఎంతంటే, ఎలక్ట్రాన్ల కాలంలో చంద్రుడి లాగుడుకు ఆ సొరంగం చుట్టుకొలత ఒక మిల్లీమీటరు మారినా మిషను పసిగట్టేది. 1995లో పగలంతా ఏదో అలజడి కనబడింది. వెతికితే, దగ్గర్లో పోయే కరెంటు రైళ్ళ నుంచి నేలలోకి జారిన కరెంటు! రాత్రి రైళ్ళు ఆగితే అలజడీ ఆగేది.

2008 సెప్టెంబరు 10న కొత్త మిషను మొదలైంది. తొమ్మిది రోజులకే రెండు అయస్కాంతాల నడుమ ఒక్క అతుకు చెడింది. టన్నులకొద్దీ హీలియం బయటికి చిమ్మింది, 53 అయస్కాంతాలను పైకి తీశారు, ఏడాదికి పైగా పని నిలిచింది. ఒక్క అతుకు, అంతే.

ఇప్పుడు అసలు మాట. ఆ అయస్కాంతం ఒక్కోటి 15 మీటర్ల పొడుగు, 30 టన్నులకు పైన బరువు. వెంట్రుక వాసి తేడా లేకుండా నిలబెట్టాలి. ఒక్కోదాని కింద మూడు జాకీలు. సుమారు 7 వేల జాకీలు ఇండియా నుంచే పోయినాయి. చేసింది ఎక్కడ? ఇండోర్‌లో, మన హోసూరు దాటితే వచ్చే బెంగళూరులో. లేతు మిషను దగ్గర నిలబడి కొలత తప్పకుండా చేసిన చేతులవి. విగ్రహానికి పెట్టే దండాల్లో ఒక్కటైనా ఆ చేతులకు పెట్టినామా?

భీమవరం పక్క గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసి. అయినా యూరప్ పోయి భౌతికశాస్త్రం నేర్చుకున్నారు, శూన్యాన్ని ఎట్లా తయారు చేయాలో పుస్తకం రాశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాఖను నిలబెట్టారు. ‘ముందే తెలుసు’ అని కూర్చోలేదు.

మన సంఘం సహాయనిధి మాత్రం ఇంజనీరింగుకూ డాక్టరు చదువుకూ తప్ప ఇవ్వదు. కల్లావి పిల్ల బి.ఎస్‌సి. ఫిజిక్స్ అంటే ‘దాంతో కూడు పుడుతుందా’ అంటారు. ఐటీఐ పిల్లోడి అర్జీ అయితే చూడనే చూడరు. జాకీ చేసేది ఈ పిల్లోడు, ఎందుకు చేయాలో లెక్క కట్టేది ఆ పిల్ల. ఇద్దరినీ వాకిట్లో నిలబెట్టి, ఫోటోకు మాత్రం దండం పెడతాం!

‘అంత డబ్బు పోసి ఏం లాభం’ అని కొందరు పెద్దలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఇప్పుడు 91 కిలోమీటర్ల కొత్త సొరంగం మాట నడుస్తా ఉంది, దాదాపు కృష్ణగిరి నుంచి బెంగళూరు అంత దూరం. ఖర్చు 1500 కోట్ల స్విస్ ఫ్రాంకులంటున్నారు. అమెరికా టెక్సాసులో ఇట్లాంటిదే సొరంగం తవ్వి తవ్వి 1993లో వదిలేసింది. కాబట్టి వద్దనే వాదం తప్పు కాదు. కానీ వద్దనడానికైనా తెలిసినోళ్ళు ఉండాలి. ఇంకొకటి, మన ఊర్ల నుంచి క్యాన్సర్ వైద్యానికి బెంగళూరుకో వేలూరుకో పోతే అక్కడ కిరణాలు పెట్టే మిషను కూడా ఇదే జాతిది, చిన్నది. ఇప్పుడు మీరు ఈ మాటలు చదివే వెబ్ కూడా సెర్న్‌లో 1989లో పుట్టిన ఆలోచనే.

మన దేశం 2017 నుంచి సెర్న్‌లో సహ సభ్యదేశం. తలుపు తెరిచే ఉంది, పోయే పిల్లలను మనమే ఆపుతున్నాం.

కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము ఒక తీర్మానం పెడతాం: సహాయనిధిలో బి.ఎస్‌సి., డిప్లొమా, ఐటీఐ పిల్లలకు కూడా వాటా. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి. ఒప్పుకోనివాళ్ళు కారణం చెప్పండి, వింటాం. దండం బొమ్మ మాత్రం పెట్టొద్దు.