బిందెడు నీళ్లలో ఒక మాత్ర

పటాన్‌చెరు వాగులో ఒకప్పుడు నీళ్లతో పాటు మందులూ పారాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ లెక్క ప్రచురించారు. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. అదీ శుద్ధి అయ్యాక! పదహారు లీటర్ల బిందెతో ముంచితే, డాక్టరు రాసే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి అందులో కరిగి ఉన్నట్టే. రోజుకు సుమారు 45 కిలోల మందు ఇలా పోయేదని వాళ్ల అంచనా. అంటే 90 వేల మాత్రలు. ఎవరి జ్వరం తగ్గడానికో?

విషమైతే చేపలు చచ్చి తేలతాయి, జనం రోడ్డెక్కుతారు. యాంటీబయాటిక్ అలా బయటపడదు. ఆ నీళ్లు చేరిన ఇసకవాగు బురదలోని బ్యాక్టీరియా ఆ మందు మధ్యే పెరిగి దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుంది. అలా తట్టుకునే జన్యువును పక్కనున్న వాటికీ అందిస్తుంది. రేపు ఏ ఆసుపత్రిలోనో ఒకరికి మందు పనిచేయదు. ఆ కేస్‌షీట్‌లో వాగు పేరు ఉండదు.

పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు ఈ కాలుష్యం మీద దశాబ్దాల పాటు పోరాడారు. చివరికి 18 కిలోమీటర్ల పైపులైను పడి, ఆ నీళ్లు హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లాయి. నగరం మురుగులో ఉన్న బ్యాక్టీరియాకు మందు నీళ్లు కలపడం పరిష్కారమెలా అవుతుందో!

కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ఒక ముసాయిదా తెచ్చింది. కంపెనీ వదిలే నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో అందులో పట్టిక వేసింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పట్టిక మాయమైంది.

ఈ విజ్ఞప్తి ఆ పట్టిక కోసమే. మిగిలిన మాత్రల్ని సింకులో వేయకపోవడం మంచిదే, కానీ 90 వేల మాత్రల ముందు అదెంత? పట్టికను తిరిగి చేర్చమని పాఠకులు పర్యావరణ శాఖకు, తమ ఎంపీకి ఒక ఉత్తరం రాయాలి. మందుల కంపెనీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజున ఊరివాళ్లు మైకు అందుకోవాలి. సీఓడీ ఎంత, టీడీఎస్ ఎంత అంటూ మామూలు కాలుష్య కొలతలు అధికారులు చదివేది వింటూనే, ఈ మూడూ అడగాలి: మీరు వదిలే నీళ్లలో మందు ఎంత? ఎవరు కొలుస్తారు? ఆ అంకె పంచాయతీ గోడ మీద ఎప్పుడు రాస్తారు?