ఎవడు లెక్కపెట్టిండురా?

జనగామ దగ్గర మా ఊరి గుట్ట ఇప్పుడు సగమే ఉంది. మిగతా సగం కంకరై లారీలెక్కి పోయింది. అందులో కొంత మా ఇంటి పునాదిలోనూ ఉంది, అబద్ధమెందుకు. మా చిన్నాయన ఆ క్రషర్ దగ్గరే టిప్పర్ నడుపుతాడు. సంక్రాంతి సెలవుల్లో ఆయనతో గొప్పగా, "ఈ రాయికి రెండు వందల యాభై కోట్ల ఏండ్లుంటయి చిన్నాయనా" అన్నాను. ఆయన బీడీ ఆర్పి, "ఎవడు లెక్కపెట్టిండురా?" అన్నాడు.

సివిల్ మూడో ఏడు చదువుతున్న నా దగ్గర జవాబు లేదు. ల్యాబ్‌లో ట్రేలో నంబర్ వేసిన గ్రానైట్ ముక్క ఉంటుంది. రంగు, రేణువుల సైజు, ఉపయోగాలు బట్టీ కొట్టి వైవాలో అప్పజెప్పాం. అది ఏ ఊరి రాయో ట్రే మీద రాసి లేదు. మేమూ అడగలేదు.

తర్వాత చదివితే తెలిసింది. లెక్కపెట్టేది జిర్కాన్. గ్రానైట్‌లో ఇసుక రేణువంత కూడా ఉండని స్ఫటికం. కరిగిన రాయి చల్లబడుతుంటే అది యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. అంటే ఇప్పుడు అందులో దొరికే సీసం చాలావరకు యురేనియం క్షీణించి తయారైందే. యురేనియం-238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కు 70 కోట్ల ఏళ్లు. ఒకే రేణువులో రెండు గడియారాలన్నమాట! రెండూ ఒకే టైమ్ చూపిస్తే నమ్మొచ్చు. తేడా వస్తే మధ్యలో ఎప్పుడో సీసం జారిపోయిందని అనుమానించాలి. ఇలాంటి లెక్కల్లో మన తూర్పు ధార్వార్ గ్రానైట్లు ఎక్కువగా 250 నుంచి 270 కోట్ల ఏళ్ల నాటివని తేలింది.

ఇక్కడే మనవాళ్లు తొందరపడతారు. రెండు ఖండాలు ఢీకొన్నాయి, పర్వతాలు లేచాయి, గ్రానైట్ పుట్టింది, అయిపోయింది అంటారు. అంత సులువు కాదు. హిమాలయాలనే చూడండి. ఢీకొట్టడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లు. అక్కడి తెల్ల గ్రానైట్లలో చాలావాటి వయసు మాత్రం 2 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ. మందమైన పెంకు లోపల వేడెక్కి కరగడానికి అంత కాలం పట్టింది. గ్రానైట్ తేదీ అంటే ఢీకొన్న తేదీ కాదు. మన గ్రానైట్ల విషయంలో అయితే అసలు కారణం మీదే వాదన ఉంది. పలకల తాకిడి వల్ల అని కొందరు, లోపలి నుంచి పొంగిన వేడి వల్ల అని కొందరు. జిర్కాన్ 'ఎప్పుడు' చెబుతుంది. 'ఎందుకు' అన్నది చుట్టూ ఉన్న రాళ్లను గుట్ట మీదే చూసి తేల్చుకోవాలి. గులాబీ బండను కోస్తూ పోయే నల్ల డోలరైట్ చారను చూశారా? కోసింది చిన్నది, కోయించుకున్నది పెద్దది. క్రషర్‌లో పడ్డాక రెండూ ఒకటే కంకర.

నా రూమ్మేట్‌ది మహబూబాబాద్. వాళ్ల వైపూ ఈ బండలే, బయ్యారం దగ్గర ఇనుప ఖనిజం అదనం. ఇంకో దోస్తుది భూపాలపల్లి. అక్కడ సింగరేణి బొగ్గు పొరలున్న రాళ్లకు పాతిక ముప్పై కోట్ల ఏళ్లే. మా గుట్ట ముందు పసిపిల్లలు! పాండవుల గుట్టల దగ్గర ఇసుకరాయి. ఇసుకరాయిలో మిగిలిన జిర్కాన్ల వయసు చూసి ఆ ఇసుక ఏ గుట్టలు అరిగితే వచ్చిందో కూడా పసిగడతారు. మేం ముగ్గురం బస్సులో ఇంటికి పోయే దూరంలో ఇన్ని కాలాలున్నాయి. మాకు మాత్రం ట్రే నంబర్లే తెలుసు.

క్వారీలు మూసేయమని నేననను. చిన్నాయన ఇల్లు గడిచేది దానితోనే, మన హాస్టల్ లేచిందీ అలాంటి కంకరతోనే. కానీ పేల్చే ముందు ఆ గుట్ట ఫొటోలు, లొకేషన్, ఊరి పేరు రాసిన నాలుగైదు కిలోల తాజా రాయి మన కాలేజీ స్టోర్‌లో పెట్టుకోవడానికి ఏం అడ్డం? వయసు కట్టే మెషీన్ మనకు లేదు, నిజమే. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ ఉంది. ఈ రోజు కాకపోతే పదేళ్లకు ఎవరో ఒకరు అడుగుతారు. అప్పటికి గుట్ట ఉండదు, ముక్కైనా ఉండాలి కదా. పక్క గుట్ట వయసును మా గుట్టకు అంటగడితే అది అంచనానే. నేను చిన్నాయనకు చెప్పింది కూడా అదే.

ఈ సంగతంతా ఆయనకు ఫోన్లో చెప్పాను. కాసేపు విని, "గంతేనా? రేపు లోడ్ల నుంచి తీసి పెడ్తా. సంచి మీద ఏం రాయాల్నో చెప్పు" అన్నాడు.