పెట్టెలో మడిచిపెట్టిన కాగితం

తలకు వేసుకునే రంగు పెట్టె తెరిచిన ప్రతి ఇంట్లోనూ జరిగేది ఒకటే. సీసాలు బయటికి వస్తాయి, పలుచని చేతి తొడుగులు బయటికి వస్తాయి, వాటి అడుగున నాలుగు మడతలుగా ఉన్న కాగితం మాత్రం నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది. చీమ తలకాయంత అక్షరాలు, తెలిసీ తెలియని తెలుగు, చదివేవారు అరుదు. ఈ నెల ఆ కాగితాన్నే పాఠకుల ముందు విప్పదలిచాము.

దానిలో ఉన్న విషయం ఇది. చెవి వెనుక గాని, ముంజేతి లోపలి భాగాన గాని కొద్దిచోటు సబ్బుతో కడిగి, కలిపి సిద్ధం చేసిన రంగును అక్కడ కొంచెం రాసి ఆరనివ్వాలి. 24 గంటల తరువాత మెల్లగా కడిగి చూడాలి. ఎరుపు, దురద, వాపు లేకుంటేనే తలకు వాడాలి. ఒకసారి చూశాము కదా అని ఊరుకోరాదు. ప్రతి పర్యాయమూ ఈ పరీక్ష చేయాలి. కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు, చూపు పోవచ్చును. పీపీడీ వంటి రసాయనాలు కలిసిన రంగుల మీద ఈ హెచ్చరికను ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ ముద్రించాలని మన దేశపు సౌందర్య సాధనాల నియమావళి నిర్దేశిస్తున్నది.

తలరంగుకూ కనురెప్పలకూ ఏమిటి సంబంధమని ఎవరికైనా తోచవచ్చును. ఆ వాక్యం వెనుక కొందరు స్త్రీల కళ్ళున్నాయి. 1930ల మొదట్లో అమెరికాలో లాష్ లూర్ అనే పేరుతో కనురెప్పల వెంట్రుకలకు వేసే రంగు ఒకటి అమ్మకానికి వచ్చింది. అందులో ఉన్నది పారా ఫినైలీన్ డయమీన్. పొడి అక్షరాల్లో పీపీడీ. ఆ రంగు వేయించుకున్న స్త్రీలలో కొందరి కళ్ళు పుండ్లు పడ్డాయి, చూపు పోయింది, ప్రాణం పోయిన సంఘటన కూడా నమోదైంది. అయినా అధికారులు ఆ సరుకును అంగడి నుంచి తీయించలేకపోయారు. అప్పటికి అమలులో ఉన్న 1906 నాటి చట్టానికి సౌందర్య సాధనాల మీద అధికారమే లేదు. బాధితుల ఛాయాచిత్రాలను ప్రదర్శనలో పెట్టి ప్రజలకు చూపించవలసి వచ్చింది. చివరకు 1938లో కొత్త చట్టం వచ్చాకనే ఆ సరుకుకు అడ్డుకట్ట పడింది.

పీపీడీ కేవలం అలంకరణ కోసం పుట్టిన వస్తువు కాదు. అది తారు నుంచి పుట్టిన రసాయనాల కుటుంబానికి చెందిన పారిశ్రామిక పదార్థం. తూటాను ఆపే కవచాలలో వాడే గట్టి దారం తయారీలో ఇది ముడిసరుకు; రబ్బరు త్వరగా పాడుకాకుండా కలిపే పదార్థాలలో దీని సంతతి ఉన్నది. వెంట్రుకలో ఇంకి, గాలి తగిలి నల్లబడే గుణం దీనికున్నది కనుక పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి తలరంగుల్లో వాడుతున్నారు.

చట్టం వచ్చాక మరొక ప్రశ్న తలెత్తింది. ఒక పదార్థం చర్మానికి హాని చేస్తుందో లేదో మనిషికి రాయకముందే తెలుసుకునేదెట్లా? 1944లో అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు జాన్ డ్రెయిజ్, తన సహచరులతో కలిసి ఒక పద్ధతిని ప్రకటించాడు. తెల్ల కుందేలు వీపు మీది బొచ్చు కత్తిరిస్తారు. అర మిల్లీలీటరు ద్రవం, లేదా అర గ్రాము పొడి ఆ చర్మం మీద పెట్టి గాజుగుడ్డ కప్పుతారు. తరువాత తీసి, ఎర్రబడటానికి సున్నా నుంచి నాలుగు వరకు, వాపుకు సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేస్తారు. కుందేలు కంటిలో వేసి చూసే పరీక్ష కూడా ఆ పద్ధతిలోనిదే. అటు తరువాత కొన్ని దశాబ్దాలపాటు సబ్బు, పురుగుమందు, పెయింటు, ఫినాయిలు, ఏది బజారుకు రావాలన్నా ఈ మూగజీవి వీపు మీదుగానే వచ్చింది.

ఇందులో హింస ఉన్నదన్న సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. కాని పద్ధతిలోనే ఒక లోపం కూడా ఉన్నది. ఎరుపు ఎంతో, వాపు ఎంతో నిర్ణయించేది చూసేవారి కన్ను. 1971లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఒకే రకం పదార్థాలను ఇరవైకి పైగా ప్రయోగశాలలకు పంపి పరీక్షింపజేస్తే, ఒకచోట నిరపాయమన్నది మరొకచోట తీవ్రమని తేలింది. పైగా కుందేలు చర్మం మన చర్మం కన్నా సున్నితం. అనేక పదార్థాలకు అది మనకన్నా ఎక్కువగా కందిపోతుంది. 1980లో హెన్రీ స్పైరా అనే ఉద్యమకారుడు న్యూయార్కు పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించి, సౌందర్యం పేరిట కుందేళ్ళ కళ్ళు ఎన్ని పోవాలని నిలదీశాడు. ఆ తరువాతనే పెద్ద సంస్థలు ప్రత్యామ్నాయాల పరిశోధనకు డబ్బు పెట్టడం మొదలుపెట్టాయి. మన దేశం 2014లో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని నిషేధించింది. అట్లా పరీక్షించిన వాటి దిగుమతిని కూడా అదే సంవత్సరం నిషేధించింది. ఐరోపా సమాజం 2013 నాటికే అమ్మకాన్ని ఆపివేసింది. పారిశ్రామిక రసాయనాల విషయంలో ఈ మార్పు ఇంకా నెమ్మదిగా నడుస్తున్నది.

మరి కుందేలు స్థానంలో వచ్చినది ఏమిటి? మనిషి చర్మమే, అయితే మనిషి లేకుండా. శస్త్రచికిత్సలలో తొలగించిన చర్మపు ముక్కల నుంచి, దాతల అనుమతితో, కణాలను వేరుచేస్తారు. ఈ రకపు ప్రసిద్ధ నమూనాలలో ఒకదానికి మూలం నవజాత శిశువుల సున్తీలో తొలగించిన చర్మమని చదివి మేము కొంతసేపు పుస్తకం మూసి కూర్చున్నాము. పూడ్చిపెట్టి మరచిపోయే ఆ పిసరంత తోలు ఇందరిని కాపాడుతున్నదని ఎవరు అనుకుంటారు!

ఆ కణాలను పలుచని పొర మీద పరిచి, కింద పోషక ద్రవం, పైన గాలి ఉండేట్టు పెంచుతారు. కొన్ని దినాలకు అవి పొరలు పొరలుగా ఏర్పడి, పైన మృతకణాల కవచంతో సహా మన పైచర్మాన్ని పోలి ఉంటాయి. పరీక్షించవలసిన రసాయనాన్ని దాని మీద నిర్ణీత నిమిషాలు ఉంచి కడిగివేస్తారు. సుమారు 42 గంటల తరువాత పసుపుపచ్చని ఒక రంగు ద్రవం వేస్తారు. బ్రతికి ఉన్న కణాలు దానిని ఊదారంగుగా మారుస్తాయి. ఆ ఊదారంగును యంత్రం కొలుస్తుంది. సగమో, అంతకన్న తక్కువో కణాలు మాత్రమే మిగిలితే ఆ పదార్థం చర్మాన్ని మండించేదని లెక్క. ఇక్కడ కంటి అంచనా లేదు, అంకె ఉన్నది. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2010లో దీనిని తన 439వ మార్గదర్శక సూత్రంగా స్వీకరించింది.

ఇంతవరకు చెప్పినది చర్మం మండటం గురించి. ఎలర్జీ వేరు, ఈ భేదాన్ని మన ఇళ్ళలో తెలియజేయటమే మా ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. ఆమ్లం చేతి మీద పడితే ఎవరి చెయ్యి అయినా, మొదటిసారే కాలుతుంది. పీపీడీ అట్లా కాదు. మొదటిసారి తగిలినప్పుడు చాలామందికి ఏమీ కాదు. కాని లోపల శరీరం దానిని శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చును. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక ఆ జ్ఞాపకం సాధారణంగా జీవితాంతం పోదు. “నిరుడు కూడా ఇదే పెట్టుకున్నాము, ఏమీ కాలేదు” అనే మాట అందుకే ధైర్యం ఇవ్వవలసినది కాదు, జాగ్రత్త చెప్పవలసినది.

పైచర్మపు నమూనాకు ఈ జ్ఞాపకశక్తి లేదు కనుక ఎలర్జీని అది పట్టుకోలేదు. ఒకప్పుడు గినీపందుల మీద, తరువాత ఎలుకల మీద చూసేవారు. ఇప్పుడు మూడు వేర్వేరు పరీక్షలు గాజునాళికలలోనే చేసి, ఏ రెండు ఒకే మాట చెబితే దానిని తీర్పుగా తీసుకొనే విధానం 2021లో ఓఈసీడీ ఆమోదం పొందింది. ఇద్దరు సాక్షుల మాట కలిస్తేనే తీర్పు అనే పాఠాన్ని ఏళ్ళ తరబడి విద్యార్థులకు చెబుతున్న మాకు, ఇది చదివినప్పుడు చిన్న నవ్వు వచ్చింది.

ఈ పరీక్షలన్నిటికీ బయట ఉండిపోయినది ఒకటి ఉన్నది. చాంద్‌రాత్ నాడు బజారులో తోపుడుబండి మీద అమ్మే మెహందీ కోను. నిజమైన గోరింటాకు ఎంత చేసినా నారింజ ఎరుపే పండుతుంది, అందుకు గంటలు పడుతుంది, మరునాటికి ముదురుతుంది. అరగంటలో నల్లగా పండేది గోరింటాకు కాదు. అందులో చాలావరకు కలిపేది ఆ పీపీడీయే. ఐరోపా నియమాలు దీనిని తలరంగులలో, అదీ కలిపిన తరువాత 2 శాతానికి మించకుండా, అనుమతిస్తాయి. నల్ల మెహందీ నమూనాలను పరీక్షించినప్పుడు 10 శాతం దాటినవి కూడా బయటపడ్డాయి. తలరంగు అరగంటలో కడిగివేస్తాము. కోను పూత గంటలకొద్దీ చిన్నపిల్లల మెత్తని అరచేతుల మీద, ముంజేతుల మీద ఉంటుంది.

మా మదరసాలో చదివే తొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె పండుగ తరువాత వారం రోజులు రాలేదు. వచ్చిననాడు చున్నీ కింద చేతులు దాచుకుని కూర్చున్నది. పలక పట్టమంటే పట్టలేదు. చూడగా, ముంజేతి మీద తీగలు, పువ్వులు, ఆకులు, ఎట్లా వేశారో అట్లాగే, గీత తప్పకుండా బొబ్బలై లేచి ఉన్నాయి. ఆ మూసను చూస్తే ఏ వైద్యుడికీ వేరే సాక్ష్యం అవసరం లేదు. వాళ్ళ నానీ పసుపు, కొబ్బరినూనె రాసిందట. ఎవరి దగ్గర కొన్నారంటే తల్లికి గుర్తు లేదు. కోను మీద తయారీదారు పేరు లేదు, లైసెన్సు సంఖ్య లేదు, తేదీ లేదు. పది రూపాయల కోను. కుందేలు వీపు మీద గాని, గాజుపాత్రలోని చర్మం మీద గాని జరగవలసిన పరీక్ష ఆ అమ్మాయి చేతి మీద జరిగింది. నిందించడానికి మనిషే దొరకడు.

ఇటువంటి బొబ్బలు కనిపిస్తే పూతను వెంటనే సబ్బు నీటితో కడగాలి, బొబ్బలు చిదపరాదు, చర్మవైద్యుని వద్దకు వెళ్ళాలి. మిగిలిన కోనును పారవేయక వెంట తీసుకుపోవాలి.

సందర్భం కనుక మరొక మాట. కర్మాగారాల వాడలలో వాడివేసిన నీలి డ్రమ్ములు చవకగా దొరుకుతాయని కొని నీళ్ళు పట్టుకునే కుటుంబాలను మేము ఎరుగుదుము. కొనేముందు డ్రమ్మును ఒకసారి చుట్టూ తిప్పి చూడండి. ఎర్రని అంచు గల చతురస్రంలో, పరీక్షనాళిక నుంచి ద్రవం కారి చేతినీ లోహాన్నీ తినివేస్తున్న బొమ్మ ఉంటే లోపలిది చర్మాన్ని కాల్చే పదార్థం. ఆశ్చర్యార్థకం గుర్తు మాత్రమే ఉంటే మండించేదో, ఎలర్జీ కలిగించేదో కావచ్చును. ఆ బొమ్మ ఊరక వేసినది కాదు, పైన చెప్పిన పరీక్షలలో తేలిన ఫలితమే అక్కడికి వస్తుంది. బొమ్మ గీకివేసి ఉన్న డ్రమ్మును ముట్టవద్దు.

ఆ అమ్మాయికి చేతులు మానాక చర్మవైద్యురాలు వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి పరీక్ష చేశారు. 1890లలో జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాడాసోన్ ఆరంభించిన పద్ధతి ఇది. అతి తక్కువ మోతాదులో అనుమానిత పదార్థాలను రెండు దినాలు ఉంచి, తీసి, మరో రెండు దినాలకు మళ్ళీ చూస్తారు. పీపీడీ పట్టీ కింద మాత్రమే చర్మం ఉబ్బింది. ఇకమీదట తలరంగులే కాక, కొన్ని ముదురురంగు బట్టల అద్దకాలు, కొన్ని మత్తు లేపనాలు కూడా ఆమెకు పడకపోవచ్చునని డాక్టరు చెప్పారట. వాళ్ళ తల్లి ఆ రసాయనం పేరును కాగితం మీద తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి రాయించుకుని, బీరువా తలుపు లోపలి వైపు అంటించింది. పిల్ల పెళ్ళినాటికి ఆ కాగితం కూడా వెంట పంపుతానంటున్నది.